చేపలు ఎండబెట్టే చోట పిక్నిక్ బస్సులు: మా వీధి అర్జీ అనుభవం

ఒడిశాలోని గంజాం జిల్లా తీరంలో, బరంపురంలో బస్సెక్కితే గంటలోపే చేరే మత్స్యకార వీధి మాది. ఇంట్లో తెలుగు, బడిలోనూ ఆఫీసుల్లోనూ ఒడియా. మగవాళ్లు వేటకు వెళ్తారు. ఆడవాళ్లం నెత్తళ్లు, కవళ్లు ఇసుకలో ఎండబెట్టి సంతలకు తీసుకెళ్తాం. డిసెంబరు వచ్చిందంటే సంక్రాంతి దాటేదాకా ఆ ఇసుక మా చేతిలో ఉండదు. గోపాల్‌పూర్‌లో చోటు దొరకని బస్సులన్నీ ఇటు మళ్లుతాయి. ఆదివారం తెల్లవారేసరికి వలలు ఆరేసే చోట బస్సులు, సరుగుడు తోటలో గ్యాస్ పొయ్యిలు, సౌండ్ బాక్సులు. సాయంత్రం వాళ్లు వెళ్లిపోయాక ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, పగిలిన సీసాలు మిగులుతాయి. చేపలు ఎండబెట్టాలంటే ముందు గాజు పెంకులు ఏరుకోవాలి. మా పక్కింటి పాప కాలికి కుట్లు పడ్డాక మా మహిళా సంఘం ఈ పని పట్టుకుంది.

మమ్మల్ని ఎక్కువగా బాధించిన విషయం మరొకటి ఉంది. ఋషికుల్య, దేవి, ధామ్రా నదీ ముఖద్వారాల దగ్గర సముద్ర తాబేళ్ల రక్షణ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు, తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు మరబోట్ల వేట నిషేధం. అది కాక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా వేట విరామం. 2025 ఫిబ్రవరిలో ఋషికుల్య దగ్గర దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టాయంటే అందులో మా వాళ్లు బోట్లు ఒడ్డున కట్టేసుకుని గడిపిన నెలల పాత్ర కూడా ఉంది. సముద్రం మీద బతికేవాళ్లకు ఇన్ని నియమాలుంటే, వినోదానికి వచ్చేవాళ్లకు ఒక్కటీ లేదా అని మా అత్తమ్మ అడిగేది.

ఉన్నాయి. బరంపురంలో చట్టం బోధించి రిటైరైన ఒక మాస్టారు మాకు కూర్చోబెట్టి చెప్పారు. అప్పుడు అమల్లో ఉన్న 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం, లైసెన్సు లేని చోట వంద మందికి మించి జనాన్ని చేర్చే కార్యక్రమం పెట్టేవాళ్లు కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాల్సి ఉండేది. చెత్తను అక్కడికక్కడే వేరు చేసి అప్పగించే బాధ్యత కూడా నిర్వాహకులదే. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషేధం. లౌడ్ స్పీకరుకు పగటిపూట కూడా రాతపూర్వక అనుమతి కావాలని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. రాత్రి పదింటి తర్వాతే అడ్డు అని మేమంతా అనుకునేవాళ్లం.

అర్జీ రాయడం కంటే వీధిని ఒక మాట మీదికి తేవడమే కష్టమైంది. ఆటో నడిపే అబ్బాయిలు, టీ కొట్టు అన్నయ్య, చేపలు వేయించి అమ్మే అక్కలు సంతకం పెట్టబోమన్నారు. "వచ్చేవాళ్లను రావద్దంటే మా పొయ్యి ఎలా వెలుగుతుంది వదినా?" అని ఒకామె ముఖం మీదే అడిగింది. న్యాయమైన ప్రశ్న. చాలా సాయంత్రాలు దాని మీదే మాట్లాడుకున్నాం. ఎవరు వస్తే ఎవరికి ఎంత మిగులుతోందో చెప్పమని ఆ అక్కలనే అడిగాం. చెబుతూ చెబుతూ వాళ్లకే తేలింది. బస్సుల్లో వచ్చే గుంపులు బియ్యం, కోడి, వంటవాడు, నీళ్ల డబ్బాలు అన్నీ వెంట తెచ్చుకుంటాయి. మన దగ్గర కొనేది ఏదైనా ఉంటే సిగరెట్ పెట్టె. కుటుంబంతో ఇద్దరు ముగ్గురుగా వచ్చేవాళ్లు, రాత్రి గది తీసుకుని ఉండేవాళ్లు మాత్రం చేపలు తింటారు, ఆటో ఎక్కుతారు, ఎండు చేపలు కట్టించుకుని వెళ్తారు. బస్సులున్న ఆదివారం ఆ కుటుంబాలు ఆగకుండా వెనక్కి తిరుగుతున్నాయని టీ కొట్టు అన్నయ్యే గుర్తుచేశాడు.

మాస్టారు అప్పుడు వెనిస్ సంగతి చెప్పారు. ఆ నగరంలో 2024 ఏప్రిల్ 25 నుంచి, రద్దీ ఎక్కువగా ఉండే 29 రోజులు ఎంచి, పగలు వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్ల దగ్గర 5 యూరోలు వసూలు చేశారట. రాత్రి బస చేసేవాళ్లకు ఆ రుసుము లేదు. ఊటీ, కొడైకెనాల్‌లలో అదే సంవత్సరం మే 7 నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో ఈ-పాస్ పెట్టారు. మా ఇసుకకు టికెట్ పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. సముద్రం చూడటానికి డబ్బడిగితే ముందు ఆగిపోయేది కూలి చేసుకునే కుటుంబమే. కానీ ఊరిలో నిలిచేవాళ్లను, ఊరి మీదుగా దొర్లిపోయే గుంపును వేరు చేసి చూడాలన్న ఆలోచన మా అర్జీకి వెన్నెముక అయింది. అది విన్నాక అక్కలు సంతకాలు పెట్టారు.

తర్వాత ఆధారాలు. సంఘంలో చదువుకున్న పిల్లలు కొన్ని ఆదివారాలు బస్సు నంబరు, ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతమంది, బ్యానరు మీద ఏం రాసి ఉంది, వెళ్లాక ఏం మిగిలింది, అన్నీ నోటుబుక్కులో రాశారు. ఫోటోలు తేదీ, సమయం పడేలా తీశారు. బ్యానరు మీది మాటలు కూడా రాసుకోవడం మాస్టారి సలహా. ఎందుకో తర్వాత తెలిసింది.

అర్జీ ఒడియాలో, ఒకే పేజీ. నాలుగే కోరికలు: పెద్ద గుంపులు ముందుగా తెలపాలి, బస్సులు వలల దిబ్బ మీద కాకుండా రోడ్డు పక్క ఖాళీ స్థలంలో ఆగాలి, అనుమతి లేని సౌండ్ బాక్సు మోగకూడదు, నిషేధించిన ప్లాస్టిక్ తీరం దాకా రాకూడదు. స్థానిక కార్యాలయంలో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకున్నాం. ఇలాంటి పని పెట్టుకున్న ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది ఆ ముద్ర గురించే. అది లేకపోతే పై మెట్టు మీద మీ మాటకు బరువుండదు.

అక్కడ తేలలేదు. ఇసుక ఒకరిదని, రోడ్డు ఇంకొకరిదని, శబ్దం పోలీసులదని అన్నారు. అందరూ ఒకే గదిలో దొరికేది ఒక్క చోటే: సోమవారాల్లో కలెక్టరు, ఎస్పీ కలిసి అర్జీలు తీసుకునే జాయింట్ గ్రీవెన్స్. జిల్లా కేంద్రం ఛత్రపురంలో ఉదయమే వరసలో నిలబడి పేరు రాయించుకున్నాం. లోపలికి వెళ్లాక మాట్లాడటానికి దొరికేది కొద్ది నిమిషాలే. నోటుబుక్కు, ఫోటోలు ముందు పెట్టి, ఏ నియమం ఏమంటోందో చెప్పి, నాలుగు కోరికలు చదివాం. ఒక అధికారి మంచి ప్రశ్న వేశారు: బస్సుకు యాభై మందే కదా, వంద ఎలా దాటుతారు? బ్యానర్లు అక్కరకొచ్చింది అక్కడే. ఒకే కాలేజీ, ఒకే కంపెనీ బ్యానరు కింద మూడు నాలుగు బస్సులు వచ్చిన ఫోటోలు చూపించాం.

కొన్ని వారాల తర్వాత అన్ని శాఖల వాళ్లూ కలిసి తీరానికి వచ్చి చూశారు. ఆ మరుసటి సీజనుకు బస్సులకు స్థలం గుర్తించారు, దిబ్బకు అడ్డంగా రాతి గుంజలు పాతారు. మలుపు దగ్గర నిర్వాహకుడి పేరు, ఫోను నంబరు రాసుకునే పద్ధతి వచ్చింది. పేరు రాసిచ్చిన మనిషి గుంపును శుభ్రంగా ఉంచుకుంటాడు, ఇది కళ్లారా చూశాను. చెత్త వేరు చేయించే పని మా సంఘానికే అప్పగించారు, దానికి నిర్వాహకులు డబ్బు కడతారు. శబ్దం మాత్రం అదుపులోకి రాలేదు. పోలీసులు వచ్చేసరికి తగ్గుతుంది, వెళ్లగానే పెరుగుతుంది. ఫిబ్రవరి నుంచి రాత్రి మంటలు, దీపాలు వద్దని కూడా ఇప్పుడు అడుగుతున్నాం, తాబేలు పిల్లలు వెలుతురు వైపే నడుస్తాయి కాబట్టి.

గుంజలు ఎవరైనా పీకేయవచ్చు. అందుకే ఇప్పుడు ఆ దిబ్బను కాగితం మీదికి ఎక్కించే పనిలో ఉన్నాం. తీర ప్రాంత నిర్వహణ పటంలో మత్స్యకారుల ఉమ్మడి స్థలాలను గుర్తించే వీలుంది. చేపలు ఎండబెట్టే చోటు అక్కడ కనిపిస్తే రేపు ఏ రిసార్టూ దాన్ని ఖాళీ స్థలమని చూపలేదు. పాత ఆధారం తెమ్మన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ కాలపు సర్వే పటం నకలు కోసం రెవెన్యూ కార్యాలయంలో రుసుము కట్టి రసీదు తీసుకున్నాం.