కిందికి దించిన పోలోకి వీల్స్ ఎలా ఎంచుకున్నాను

కారు కిందికి దించాక, అంటే కురచ స్ప్రింగులు వేసి ఎత్తు తగ్గించాక, వీల్స్ కోసం ఏ షాపుకి వెళ్లినా ముందు వినిపించే మాట ఒకటే: ‘పదహారు ఇంచులు వేద్దామా, పదిహేడు వేద్దామా అన్నా?’ నన్నడిగితే అది ఆఖర్న తేల్చుకోవాల్సిన సంగతి. దించిన కారులో టైరు ఫెండర్ (చక్రం పైన కప్పే రేకు) అంచుకి ఎంత దగ్గరగా వచ్చింది, లోపల షాక్ అబ్జార్బర్‌కి ఎంత దగ్గరగా వెళ్లింది, ఈ రెండూ ముందు తేలాలి. అవి తేలితే ఇంచులు వాటంతట అవే తేలిపోతాయి.

నాది 2016 ఫోక్స్‌వ్యాగన్ పోలో హైలైన్. పుణె దగ్గర చాకన్‌లో పోలో తయారీ 2022లో ఆగిపోయింది. ఇలాంటి బండి మళ్లీ రాదని నాకు గట్టి నమ్మకం, అందుకే అమ్మకుండా దీన్నే నాకు నచ్చినట్టు చేసుకుందామనుకున్నాను. ముందు లోయరింగ్ స్ప్రింగులు, వాటికి సరిపడే కొత్త షాక్‌లు వేయించాను. స్ప్రింగుల పెట్టె మీద ఎంత దిగుతుందని రాసి ఉన్నా నేను సొంతంగా కొలుచుకున్నాను. చక్రం బిగించే హబ్ మధ్య నుంచి ఫెండర్ ఆర్చి (వంపు) దాకా టేపు పెట్టి చూస్తే ముందు 385 మిల్లీమీటర్లున్నది 352కి వచ్చింది, వెనక 390 నుంచి 365కి. నేల నుంచి ఆర్చికి కొలిస్తే టైర్లో గాలిని బట్టి, టైరు సైజుని బట్టి అంకె మారిపోతుంది. హబ్ నుంచి కొలిస్తే మారదు. తర్వాత చేసిన లెక్కలన్నీ ఈ అంకెల మీదే నిలబడ్డాయి.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. స్ప్రింగులు మార్చాలనుకునేవాళ్లు ఇది తెలుసుకునే దిగాలి. నేను ఇన్సూరెన్స్ వాళ్లకి మార్పులన్నీ రాసి మెయిల్ పెట్టాను, పాత స్ప్రింగులు ఇంట్లో భద్రంగా ఉంచాను. టైరు సైజు విషయంలో మాత్రం కంపెనీయే ఇదే కారుకి ఇచ్చిన సైజు దాటకూడదని మొదటి రోజే నిర్ణయించుకున్నాను. తర్వాతి సంవత్సరాల్లో వచ్చిన పోలో జీటీకి కంపెనీ నుంచే 195/55 ఆర్16 (195 మిల్లీమీటర్ల వెడల్పు, దాంట్లో 55 శాతం టైరు గోడ ఎత్తు, 16 ఇంచుల రిమ్) వచ్చింది కాబట్టి ఆ దారి నాకు తెరిచే ఉంది.

వీల్ విప్పి వెనక చూస్తే నా పాత వీల్ మీద 6జె × 15, ఈటీ40 అని పోతపోసి ఉంది. అంటే ఆరు ఇంచుల వెడల్పు, పదిహేను ఇంచుల వ్యాసం, 40 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్. బోల్టులు ఐదు, పీసీడీ (బోల్టులు కూర్చునే వలయం వ్యాసం) 100 మిల్లీమీటర్లు, మధ్య రంధ్రం 57.1 మిల్లీమీటర్లు. టైరు 185/60 ఆర్15. వెంటో, రాపిడ్, ఇప్పటి వర్చుస్, స్లావియా కూడా ఈ 5×100 వాళ్లే. కొత్త తరాల ఆక్టావియా వీల్స్ మాత్రం 5×112, అవి దీనికి కూర్చోవు.

అందరికీ తికమకగా ఉండేది ఆఫ్‌సెట్టే. వీల్ వెడల్పుని సరిగ్గా సగం చేస్తూ ఒక గీత ఊహించుకోండి. హబ్‌కి ఆనుకునే ముఖం ఆ గీత నుంచి బయటి వైపుకి ఎన్ని మిల్లీమీటర్లు ఉందో అదే ఈటీ. ఈటీ పెరిగితే వీల్ కారు లోపలికి వెళ్తుంది, తగ్గితే బయటికి వస్తుంది. మామూలు ఎత్తున్న కారులో ఒక పది మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు. దించిన కారులో టైరు పైకి లేచినప్పుడల్లా ఫెండర్ అంచు పక్క నుంచే పోవాలి. అక్కడ ఆ పది మిల్లీమీటర్లే తగలడానికీ తగలకపోవడానికీ తేడా.

అందుకని కొలతలకి కూర్చున్నాను. తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే దారం, గుండు తెచ్చాను. సెల్లార్‌లో నేల చదునుగా ఉన్న చోట కారు పెట్టి, వెనక ఫెండర్ అంచు నుంచి దారం వేలాడదీశాను. ఆ అంచు రేకు లోపలికి మడిచి ఉంటుంది. టైరు తగిలితే ఆ మడత కొసకే తగులుతుంది, కాబట్టి దాని నుంచి టైరు పక్క గోడకి ఎంత ఉందో చూశాను. ఎడమ పక్క 20 మిల్లీమీటర్లు, కుడి పక్క 16. టేపు తప్పిందేమోనని మళ్లీ కొలిస్తే అవే అంకెలు వచ్చాయి. వెనక రెండు చక్రాలనీ కలిపే టోర్షన్ బీమ్ బాడీకి అచ్చంగా నడిమధ్యన ఉండదని, కొద్ది మిల్లీమీటర్లు ఒక పక్కకి ఉండటం మామూలేనని తర్వాత తెలిసింది. ఇక లెక్క వేయాల్సింది ఇరుకు పక్కకే: నా చేతిలో ఉన్నది 16.

ఇప్పుడు లెక్క. చాలామంది రిమ్ వెడల్పుతో ఆపేస్తారు, కానీ ఫెండర్‌కి తగిలేది టైరు. ఒకే టైరుని అర ఇంచు ఎక్కువ వెడల్పున్న రిమ్ మీద వేస్తే దాని ఒళ్లు సుమారు 5 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. నా పాత 185 టైరు ఆరు ఇంచుల రిమ్ మీద దాదాపు 190 వెడల్పు. దాంట్లో సగం 95, అందులోంచి ఈటీ 40 తీసేస్తే 55. అంటే హబ్ ముఖం నుంచి టైరు 55 మిల్లీమీటర్లు బయటికి ఉంది. 195 టైరు ఏడు ఇంచుల రిమ్ మీద దాదాపు 205 అవుతుంది, సగం 102.5. ఈటీ35 అయితే 67.5 బయటికి వస్తుంది, అంటే పాతదానికంటే 12.5 ఎక్కువ. నా 16లోంచి అది పోతే మిగిలేది మూడున్నర. షాపులో అందరూ ఎగబడి తీసుకునే 17 × 7.5, ఈటీ35 వీల్స్‌కి 205/45 టైరు వేసుకుని చూస్తే అర మిల్లీమీటరు మిగిలింది. మలుపులో టైరు గోడ పక్కకి వంగుతుంది, సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు కూడా కొంచెం సాగుతాయి. ఆ మూడున్నరే చాలనప్పుడు అర మిల్లీమీటరు గురించి మాట్లాడేదేముంది?

అదే షాపతనికి చెప్తే చాలా మామూలుగా అన్నాడు: ‘ఏం కాదన్నా, ఫెండర్ రోల్ చేయిద్దాం. అందరూ చేయిస్తున్నరు.’ రోలింగ్ అంటే హీట్ గన్‌తో పెయింట్ వేడిచేసి, రోలర్‌తో ఆ మడతని పైకి నొక్కేయడం. చేయి తిరిగినవాళ్లు శుభ్రంగానే చేస్తారు. కానీ వేడి సరిగ్గా అందకపోతే పెయింట్ చిట్లుతుంది, ఆ చిట్లిన గీతలోకి వాన నీళ్లు చేరి తుప్పు మొదలవుతుంది. పదేళ్లు ఉంచుకోవాలనుకున్న బండి రేకుని ఒక వీల్ కోసం వంచడం నాకు ఇష్టం లేదు. వీల్ కారుకి సరిపోవాలి గానీ కారుని వీల్‌కి సరిపెట్టడం ఏమిటి?

యూరప్‌లో ఇదే తరం పోలోకి కంపెనీ 7జె × 16, ఈటీ46 వీల్స్ ఇచ్చింది. ఈ సంగతి తెలియగానే నాకు సగం భారం దిగింది. ఏడు ఇంచుల వెడల్పు ఈ కారుకి కొత్తేమీ కాదు, కావల్సింది పెద్ద ఈటీ. మన మార్కెట్లో 5×100కి దొరికేవి ఎక్కువగా ఈటీ35, 38. ఫెండర్ దాకా నిండుగా కనిపించాలని జనం అవే అడుగుతారు, అవే తెస్తారు. కొన్నాళ్లు వెతికాక 16 × 7, ఈటీ42 ఒకటి దొరికింది. లెక్క వేస్తే బయటికి వచ్చేది ఐదున్నర మిల్లీమీటర్లే, ఇరుకు పక్కన కూడా పదికి పైన మిగులుతుంది. లోపలి వైపుకి తొమ్మిదిన్నర వెళ్తుంది. ముందు షాక్‌కి టైరుకి మధ్య 30 దాకా ఖాళీ ఉంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు.

తర్వాత టైరు ఎత్తు. 185/60 ఆర్15 మొత్తం వ్యాసం 603 మిల్లీమీటర్లు. 205/45 ఆర్17 అయితే 616, 195/55 ఆర్16 అయితే 621. పదహారు ఇంచుల సెట్టే పదిహేడు కంటే ఎత్తు అంటే మా తమ్ముడు నమ్మలేదు, కాగితం మీద వేసి చూపించాను. టైరు వ్యాసం 18 పెరిగితే కారు అడుగు 9 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. స్ప్రింగుల వల్ల పోయిన గ్రౌండ్ క్లియరెన్స్‌లో మూడో వంతు దాకా తిరిగొచ్చినట్టే. దించిన కారుకి ఇంత విలువైన బేరం ఇంకోటి లేదని నా అభిప్రాయం. స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెప్తుంది. మా కాలనీలో ఎవరి గేటు ముందు వాళ్లు పోసుకున్న సిమెంటు దిబ్బలకి ఆ లెక్క తెలియదు. అక్కడ 9 మిల్లీమీటర్లు చాలా పెద్ద అంకె.

ఆ 9 ఊరికే రాదు, ఫెండర్ పైభాగం నుంచి తీసుకుంటుంది. ముందు హబ్ నుంచి ఆర్చికి 352, కొత్త టైరు వ్యాసార్ధం 310న్నర, అంటే మిగిలేది 41న్నర. స్పీడోమీటరు కూడా మూడు శాతం మారుతుంది. ఇదివరకు మీటరు 100 చూపిస్తే జీపీఎస్‌లో 95 ఉండేది, ఇప్పుడు 98 దాకా ఉంటోంది. మీటరుని చూసి లిమిట్‌లో ఉన్నామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పదిహేడుని వదిలేయడానికి ఇంకో కారణం టైరు గోడ. పాత టైరు గోడ 111 మిల్లీమీటర్లు, 195/55 ఆర్16కి 107, 205/45 ఆర్17కి 92. స్ప్రింగు కురచైనప్పుడు గుంట దెబ్బని కాచుకోవడానికి సస్పెన్షన్‌కి ఉన్న దూరం తగ్గిపోతుంది, మిగిలిన దెబ్బ టైరు గోడే మింగాలి. వానాకాలం హైదరాబాద్ రోడ్ల మీద నీళ్లు నిండిన గుంత లోతెంతో ఎవరికి తెలుసు? వంకర పోయిన పదిహేడు ఇంచుల రిమ్ములు టైర్ల షాపుల్లో గోడకి ఆనించి ఉండటం నేను చాలాసార్లు చూశాను. బరువు కూడా లగేజీ త్రాసుకి తగిలించి తూచాను. టైరుతో కలిపి ఒక్కో చక్రం పాతది పదిహేనున్నర కిలోలు, పదహారుది 17, పదిహేడుది 20 దాకా తూగింది. ఇక ఇంచుల మీద చర్చే లేదు.

డబ్బు కట్టే ముందు ఒక్క వీల్‌కి టైరు ఎక్కించి ఇమ్మని అడిగాను. మొదట ఒప్పుకోలేదు. అడ్వాన్సు ఇచ్చి, గీత పడితే నాదే బాధ్యత అన్నాక ఇచ్చారు. దాన్ని మొదట కుడి పక్క వెనక చక్రం చోట బిగించి, ఫెండర్ మడత కొసకి తెల్ల సుద్ద దట్టంగా పూశాను. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు. కాలనీ అంతా తిరిగి, పెద్ద దిబ్బలన్నీ దాటించి వచ్చి టైరు భుజం చూస్తే ఒక్క తెల్ల గీత లేదు. తర్వాత అదే వీల్ ముందుకి మార్చి, సెల్లార్ ర్యాంప్ మొదట్లో కారుని ఏటవాలుగా నిలిపి స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పాం. ఒక వైపు ఫెండర్ లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి టైరుకి మధ్య నా చిటికెన వేలు బిగుతుగా దూరింది. అది దూరిన క్షణాన నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మిగతా మూడు వీల్స్‌కి వెంటనే డబ్బు కట్టేశాను.

బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి రెండు. కంపెనీవి కాని బయటి వీల్స్ మధ్య రంధ్రం సాధారణంగా 73.1 ఉంటుంది, మన హబ్ 57.1. మధ్యలో రింగ్ పెట్టకపోతే వీల్ బోల్టుల మీదే ఆధారపడి కూర్చుంటుంది, మధ్యకి సరిగ్గా రాకపోతే 80, 100 స్పీడులో స్టీరింగ్ వణుకుతుంది. నేను అల్యూమినియం రింగులు తీసుకున్నాను. రెండోది బోల్టులు. ఫోక్స్‌వ్యాగన్ బోల్టుకి ఆనుకునే భాగం గుండ్రంగా ఉంటుంది, బయటి వీల్స్‌కి ఎక్కువగా శంకువు (కోన్) ఆకారం కావాలి. పాత బోల్టులు వీటిలో బిగుసుకున్నట్టే ఉంటాయి, కానీ అంచు మీద మాత్రమే ఆనుతాయి, నడుస్తూ నడుస్తూ వదులవుతాయి. ఎం14 × 1.5 కోన్ బోల్టులు కొని, టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకి బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూసుకున్నాను. వీల్ వెనక జేడబ్ల్యూఎల్, వీఐఏ (జపాన్ వీల్ నాణ్యత ప్రమాణాల) ముద్రలున్నాయా లేదా అన్నది కొనే ముందే చూశాను. పేరున్న డిజైన్లకి నకళ్లు దొరుకుతాయి, వాటిలో ముద్ర లేనివాటిని ఎంత చవకగా ఇచ్చినా నేను ముట్టుకోను.

అలైన్‌మెంట్ చేయించాక ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాను. స్టీరింగ్ నిశ్చలంగా ఉంది, గతుకు దాటినా ఎక్కడా రాపిడి చప్పుడు లేదు. మొన్న ఇంటిల్లిపాదీ సామాన్లతో ఖమ్మం వెళ్లొచ్చాం, తిరిగొచ్చాక లైనర్ లోపల టార్చి వేసి చూశాను, ప్లాస్టిక్ మీద మరక కూడా లేదు.

స్టెప్నీ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. డిక్కీలో ఉన్నది పాత 185/60 ఆర్15 స్టీలు వీల్. దానికి కోన్ బోల్టులు పనికిరావు, కంపెనీ గుండ్రటి బోల్టులే కావాలి. ఐదు పాత బోల్టులు ఒక గుడ్డ సంచిలో చుట్టి జాకీ పక్కనే పెట్టాను. ముందు టైరు పంక్చరైతే వెనక వీల్ ఒకటి ముందుకి మార్చి, స్టెప్నీని వెనకే వేయాలి. ముందు రెండు చక్రాలూ ఇంజిను తిప్పేవి, వాటి ఎత్తు ఒకేలా ఉండాలి. ఈ సంగతి మా ఆవిడకి కూడా చూపించి, ఏ బోల్టు దేనికో సంచి మీద స్కెచ్ పెన్‌తో రాసిపెట్టాను.