మేనకోడలి బిబ్: మెడ దగ్గర తడి ఇంకా ఆగలేదు

ఆదివారం రాత్రి

మళ్లీ తడిసింది. సాయంత్రం పాలు తాగిన కాసేపటికే చంటిది కక్కింది. బిబ్, అంటే పాప మెడకు కట్టే గుడ్డ, దాని ముందు భాగం పాలన్నీ చక్కగా పీల్చుకుంది. విప్పి చూస్తే గడ్డం కింది మడతలో మాత్రం చెమ్మ అలాగే ఉంది. అక్కడ చర్మం ఇప్పటికే ఎర్రగా కందింది, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఛాతీ మీద గౌను తడిస్తే మార్చొచ్చు. ఆ మడత పొడిగా ఉండాలి, నేను కుడుతున్నదే దానికోసం.

చెల్లి పురిటికి వచ్చి విజయవాడలో మా ఇంట్లోనే ఉంది. పాపకి మూడో నెల నడుస్తోంది. బరువు బాగా పెరుగుతోంది, మందులేమీ వద్దని డాక్టరు గారు చెప్పారు. ఆహారనాళం కడుపులోకి కలిసే చోట ఉండే కండరం ఈ వయసులో మాటిమాటికీ వదులవుతుంది. లోపలికి పోయేవన్నీ పాలే, రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటారు, అందుకని కొంచెం పైకి వచ్చేస్తుంది. నాలుగో నెల చుట్టుపక్కల ఇది బాగా ఎక్కువ, కూర్చోవడం వచ్చాక తగ్గుతూ పోతుంది, ఏడాది నిండేసరికి చాలామందికి ఆగిపోతుంది. అంటే మాకు గట్టి నెల ఇంకా ముందుంది. నా తొందరంతా అందుకే.

భుజం మీద వేసుకునే గుడ్డలు అయిపోయాయి: 10 అంగుళాల వెడల్పు, 20 పొడవు, నాలుగు పొరల మల్ (పల్చటి నూలు గుడ్డ), బాగా పనిచేస్తున్నాయి.

బిబ్ సంగతి వేరు. ముందు రెండు పొరల మల్, మధ్యలో టర్కీ టవల్ ముక్క, వెనక పీయూఎల్, అంటే ఒక వైపు పల్చటి ప్లాస్టిక్ పూత ఉన్న పాలియెస్టర్ గుడ్డ. అంచు చుట్టూ కాటన్ క్రాస్ పట్టీ, అంటే గుడ్డను ఏటవాలుగా కత్తిరించి తీసిన పట్టీ. పాప మెడ 9 అంగుళాలు, బిబ్ మెడ 10, ప్రెస్ బటన్లు. వెల్క్రో నేను వాడను. ఉతికిన కొద్దీ దానికి పీచు పట్టుకుంటుంది, గరుకు అంచు మెడ వెనక గీరుతుంది.

మెడ వదులేమోనని బటన్ జరిపి తొమ్మిదిన్నరకు తెచ్చి చూశాను. తడిలో తేడా లేదు, వేలు దూరే సందు మాత్రం పోయింది. మళ్లీ 10కే మార్చాను.

మంగళవారం

పాపకి కట్టి చూడటం ఆపేశాను. లీటరు నీళ్ల సీసా చుట్టుకొలత 10 అంగుళాలకు కాస్త తక్కువ, అదే ఇప్పుడు మెడ. చుట్టూ టిష్యూ కాగితం చుట్టి, పైన బిబ్ కట్టి, సీసాను దిండు మీద వాల్చి పెట్టాను. మందు పోసే సిరంజితో 10 మి.లీ. గోరువెచ్చని పాలు, నోటి మూల నుంచి జారినట్టు మెడ అంచు మీదే పోశాను.

మామూలు పాలు పోస్తే టిష్యూ తడవడానికి నిమిషంన్నర పట్టింది. నాలుగు చుక్కల నిమ్మరసం వేసి విరగ్గొట్టిన పాలు పోస్తే 40 సెకన్లకే తడిసింది. పాప కక్కేది ఎక్కువగా రెండో రకమే. విరుగు మల్ మీద పైనే ఉండిపోతుంది, నీరు వేరుపడి అంచు వైపు జారుతుంది. ఉత్త నీళ్లతో పరీక్షించి బిబ్ బాగుందనుకుంటే ఇది ఎప్పటికీ తెలియదు.

మల్‌లో గంజి మిగిలిందా అని కూడా చూశాను. వేడినీళ్లలో ఇంకో రెండుసార్లు ఉతికి ఆరేశాక 36 సెం.మీ. ముక్క 34 అయింది. పీల్చడం మెరుగైంది కానీ అంచు తడి ఆగలేదు. కంఫర్ట్ లాంటి సాఫ్టెనర్లు ఈ గుడ్డలకు వేయకూడదని నా గట్టి అభిప్రాయం, పీల్చే గుణం పడిపోతుంది. నిజానికి అమ్మ పాత కాటన్ చీర ముక్కకు సరితూగే మల్ నాకు బజారులో ఇంతవరకు దొరకలేదు.

గురువారం

మిగిలినవి రెండు అనుమానాలు. ఒకటి సూది రంధ్రాలు. పీయూఎల్‌ను లైటుకు అడ్డంగా పట్టుకుంటే 14వ నంబరు సూది వేసిన బొక్కలు వరసగా కనబడుతున్నాయి. దానికన్నా సన్నని 11 వేసి, గుండుసూదుల బదులు క్లిప్పులు పెట్టి, కుట్టు పొడవు 3 మి.మీ.కు పెంచి ఇంకోటి కుట్టాను. మా ఉషా జనోమ్ కుట్టు మిషను ఇన్ని పొరల మీద కూడా తడబడలేదు. టిష్యూ మీద తడి కొంచెం తగ్గింది, అంతే.

రెండో అనుమానం అంచు పట్టీ. ఆ మరక ఆకారం చూడండి. రంధ్రాల గుండా వస్తే చుక్కలు చుక్కలుగా ఉండాలి. ఇది మెడ అంచు పొడవునా అర అంగుళం వెడల్పు చంద్రవంకలా ఉంది. బీట్‌రూట్ నీళ్లు తీసుకుని అంచుకు ఒక మూల మాత్రమే పది చుక్కలు వేశాను. రెండు నిమిషాల్లో ఎరుపు పట్టీ వెంబడి అంగుళంన్నర పాకింది, పీయూఎల్ మీద నుంచి మడిచిన లోపలి వైపుకూ దిగింది. దీపం వత్తి నూనెను లాగినట్టు ఆ కాటన్ పట్టీయే తడిని లాగి మెడకు అందిస్తోంది! వెనక ఎంత మంచి వాటర్‌ప్రూఫ్ గుడ్డ వేసినా, దాన్ని దాటించే దారి అంచులోనే ఉంది.

శనివారం

పట్టీ తీసేసి, లోపలి వైపు కుట్టి తిప్పే పద్ధతిలో చేశాను. పీయూఎల్ 3 మి.మీ. పైకి వచ్చేలా వదిలాను. టిష్యూ ఐదు నిమిషాలైనా పొడిగానే ఉంది. సంబరపడి పాపకి కడితే గంటలోనే ఆ గట్టి అంచు ఒరిసి మెడ మీద గీత పడింది. వెంటనే తీసేశాం. తడి ఆగినా చర్మం కందితే లాభమేముంది?

ఈలోగా అమ్మది ఇంకో కోరిక. "ఒరేయ్, తల వైపు ఎత్తుగా ఉండేలా చిన్న పరుపు కుట్టరా, పాలు పైకి రావు. ఆవాల దిండు కూడా ఒకటి." ఆ రెండూ కుట్టనని చెప్పేశాను. కక్కే పిల్లలనైనా చదునైన పక్క మీద వెల్లకిలానే పడుకోబెట్టాలి. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, ఆహారనాళం కింద ఉంటాయి, పైకొచ్చిన పాలు గాలిగొట్టంలోకి ఎక్కడం కష్టం. వాలు పక్క మీద పిల్లలు జారి, గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరికి అడ్డం పడొచ్చు. 10 డిగ్రీలకు మించిన వాలు ఉండే శిశు పడకల అమ్మకాన్ని అమెరికా 2022లో చట్టం చేసి ఆపేసింది. దిండ్లు ఏవైనా సరే, ఆవాలవైనా దూదివైనా, ఏడాది లోపు పిల్లలకు వద్దు. బిబ్ కూడా నిద్రకు ముందే విప్పేయాలి. అమ్మ కాసేపు మొహం ముడుచుకుంది, తర్వాత డాక్టరు గారిని అడిగి ఊరుకుంది.

కక్కడం కొంత తగ్గింది మాత్రం చెల్లి చేస్తున్న పనుల వల్లే: కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టడం, మధ్యలో త్రేన్పు తీయించడం, తర్వాత అరగంట నిలువుగా ఎత్తుకోవడం, డైపర్ నడుము దగ్గర వదులుగా కట్టడం. గ్రైప్ వాటర్ జోలికి పోలేదు. ఆకుపచ్చగా గానీ పసుపుపచ్చగా గానీ కక్కినా, రక్తం కనిపించినా, పిచికారీలా చిమ్మినా, బరువు ఆగినా వెంటనే తీసుకురమ్మన్నారు. అవి ఫ్రిజ్ మీద రాసి అంటించాం.

ఆదివారం

"అన్నయ్యా, మెత్తగా ఉంటే చాలు, అందంగా లేకపోయినా పర్లేదు" అంది చెల్లి. సరే, తర్వాతి ప్రయత్నం ఇదీ: పీయూఎల్‌ను మెడకు అర అంగుళం కిందే ఆపేసి, పైభాగంలో వెనక పాలియెస్టర్ ఫ్లీస్ (నూగున్న మెత్తటి గుడ్డ) వేస్తాను. అది నీటిని తొందరగా పీల్చదు, మెత్తగా ఉంటుంది, కత్తిరించిన అంచు పోగులు ఊడదు కాబట్టి పట్టీ అక్కర్లేదు. ముందు మల్‌ను అంచుకు పావు అంగుళం లోపలే ఆపితే తడి పాకే దారి తెగుతుందని నా ఊహ. పైకుట్టుకు కాటన్ దారం వదిలేసి పాలియెస్టర్ దారమే వాడతాను. ఎండాకాలంలో ఫ్లీస్ ఉక్కపోస్తుందేమోనన్న బెంగ ఉంది, అందుకే ముప్పావు అంగుళం కంటే వెడల్పు పెట్టను.

అర మీటరు ఫ్లీస్ వన్‌టౌన్‌లో దొరుకుతుందేమో రేపు చూడాలి. లేకపోతే పాత స్వెట్టరు లోపలి గుడ్డ ఒకటి ఉంది, దాంతో సీసా పరీక్ష చేస్తాను. ఇది కుదిరితే ఆరో నెల దాటాక ఉగ్గు తినేటప్పటికి చేతులున్న బిబ్ మొదలుపెడతాను, దాని కాగితం ప్యాట్రన్ ఇప్పటికే గీసి పెట్టాను.