లగ్ ఊడి చేతిలోకి వచ్చేసింది: క్రింపింగ్ టూల్‌తో నా అనుభవం

నిన్న రాత్రే పని అయిపోయింది. కోపం చల్లారితే ఇంత వివరంగా రాయలేను కాబట్టి ఇప్పుడే కూర్చున్నాను.

బోటులో బ్యాటరీల నుంచి ఇంజన్ స్టార్టర్‌కీ, ఇన్వర్టర్‌కీ, లంగరు లాగే మోటారుకీ వెళ్ళే లావు కేబుళ్ళన్నీ మార్చాలి. పాతవాటి పై తొడుగు ఒలిచి చూస్తే లోపల రాగి బొగ్గులా నల్లబడిపోయి ఉంది. కేబుల్ ఎంచుకోవడం పెద్ద కష్టం కాలేదు. తగరం పూత ఉన్న సన్న తీగల రాగి కేబుల్, అమెరికన్ గేజ్‌లో 2/0 సైజు, అంటే దాదాపు 67 స్క్వేర్ ఎంఎం, షాపువాళ్ళ లెక్కలో 70. కొన్నాను, కొలిచాను, కత్తిరించాను. హాక్సాతో మాత్రం కోయకండి, తీగలు చెదిరి, వాటిలో సగం లగ్ (కేబుల్ చివర తొడిగి బోల్టుకి బిగించే రాగి తొడుగు) బయటే ఉండిపోతాయి. కేబుల్ కట్టరే వాడాలి.

అసలు కథ క్రింపింగ్ టూల్, అంటే లగ్గుని కేబుల్ మీద నొక్కి బిగించే పనిముట్టు, దగ్గర మొదలైంది. సుత్తితో కొట్టే రకం ఉంది, పొడుగు చేతుల లీవర్ రకం ఉంది, పంపు కొట్టే హైడ్రాలిక్ రకం ఉంది. సుత్తి రకం నాకు నచ్చలేదు, ఆ రోజు మన చెయ్యి ఎలా పడితే క్రింప్ అలా ఉంటుంది. చేతి బలం అక్కర్లేదు కదా అని హైడ్రాలిక్ తీసుకున్నాను. పెట్టెలో రకరకాల నంబర్ల డైలు, అంటే లగ్గుని మధ్యలో పెట్టి నొక్కే రెండు ముక్కల అచ్చులు. అమ్మినతన్ని అడిగితే, "డెబ్బై కేబుల్‌కి డెబ్బై డై, ఇందులో ఆలోచించడానికేముంది సార్" అన్నాడు. ఆ మాట నమ్మినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను. అతన్ని ఇంకా ఎక్కువ తిట్టుకుంటున్నాను.

రెండు రోజుల్లో ఏడు కేబుళ్ళు, పద్నాలుగు చివరలు. నాలుగైదు పంపులకే డై రెండు ముక్కలూ వచ్చి అతుక్కున్నాయి. ఎంత తేలిక అనుకున్నాను. ఆరు పలకలుగా నిగనిగలాడుతున్న లగ్గుల్ని వరసగా పేర్చి ఫోటో కూడా తీశాను. అక్కడితో ఆగానా, నలుగురిని పిలిచి చూపించాను. వాళ్ళలో జీవితమంతా బోటు ఇంజన్లతోనే గడిపిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన ఒక కేబుల్ తీసుకుని, లగ్గుని పట్టకారుతో పట్టుకుని, రెండు మెలికలు తిప్పి లాగారు. సీసా మూత ఊడినంత సులువుగా వచ్చేసింది. ఇంకొకటి లాగారు, అదీ అంతే. మూడోది నేనే లాక్కున్నాను, ఇక చాలని. "బాబూ, ఇది క్రింపు కాదు, టోపీ పెట్టావు" అన్నారాయన. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆ ఫోటో అప్పటికే ఇద్దరికి పంపించి ఉన్నాను.

ఇంటికొచ్చి, లోపం లగ్గులదే అయి ఉంటుందనుకుని మందపాటి గోడ ఉన్న రకం తెప్పించాను. వాటి మీదా 70 అనే రాసి ఉంది. అదే టూల్, అదే డై. ఈసారి పంపు కొట్టి కొట్టి భుజం లాగేసింది, కానీ లగ్గుకి రెండు పక్కలా రెక్కల్లాగా రాగి బయటికి ఉబికింది. ఆకురాయితో అరగదీసి సరిపెడదామనుకున్నాను, సిగ్గులేకుండా. పెద్దాయన దాన్ని రంపంతో అడ్డంగా కోయించారు. తీగలు తేనెపట్టులా ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఖాళీ అన్నది లేకుండా ఉండాలి. నాదాంట్లో నడుమ నల్లటి సందులు. తీగల్ని నొక్కాల్సిన బలం రెక్కలు పెంచడానికే సరిపోయింది.

అప్పుడు కాలిపర్‌తో కొలిచాను. రెండు లగ్గుల మీదా 70 అనే ఉన్నా, బయటి వ్యాసంలో మిల్లీమీటరున్నర తేడా. అంటే డై మీద ఉన్న నంబరు కేబుల్‌ది కాదు, ఎవరో ఒకరు తయారు చేసిన ఏదో ఒక రకం లగ్గుది. మొదటి లగ్గుకి ఆ డై వదులు, రెండోదానికి బిగువు. ఈ ముక్క పెట్టె మీద ఒక్క వాక్యంగా రాస్తే ఏం పోతుంది వాళ్ళకి?

ఇంత రాద్ధాంతం ఎందుకంటే, లంగరు మోటారు 200 ఆంపియర్లు లాగేటప్పుడు ఒక లగ్గు దగ్గర ఒక్క మిల్లీఓమ్ అడ్డు ఉన్నా 40 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. బొటనవేలంత చోట సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే.

మధ్యలో ఒక మిత్రుడు "లోపల సోల్డర్ పోసెయ్, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. సోల్డర్ తీగల్లోకి పాకి కేబుల్‌ని కొంత దూరం కర్రలా చేస్తుంది, ఇంజన్ అదురుకి సరిగ్గా ఆ కర్ర అంచు దగ్గర తెగుతుంది. బోట్ల కరెంటు పనుల గురించిన అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ఇ-11 ప్రమాణం కూడా సోల్డర్ ఒక్కదాని మీదే పట్టు వదిలెయ్యొద్దంటుంది. బ్యాటరీ లగ్గులకి అందులో చిన్న మినహాయింపు ఉంది, మావాడు దాన్ని పట్టుకుని అరగంట వాదించాడు. వినలేదు.

చివరికి తిరగేసి చేశాను. ముందు లగ్గు రకం ఖాయం చేసుకుని, ఆ లగ్గులు చేసేవాళ్ళు దానికి ఏ డై వాడమన్నారో చూసి, ఆ డై పట్టే టూల్ తీసుకున్నాను. అది లీవర్ రకం, చేతులు బారెడు పొడుగు. ఇంజన్ గదిలో తిప్పడం కుదరదు కాబట్టి కేబుళ్ళన్నీ బయట బల్ల మీదే చేసుకోవాల్సి వచ్చింది. నొక్కాక డై నంబరు లగ్గు మీద అచ్చు పడుతుంది, అది చూస్తే నాకెంత ధైర్యమో. ఒక్కో లగ్గుకి రెండు నొక్కులు, ముందు నాలిక (బోల్టు రంధ్రం ఉన్న చదును భాగం) వైపు, తర్వాత కేబుల్ వైపు. రెండో చివర నొక్కేముందు లగ్గు ఏ వైపు తిరిగి ఉండాలో గీత గీసుకోండి, ఇంత లావు కేబుల్ తర్వాత మెలి తిప్పితే తిరగదు.

మొదటి కేబుల్‌ని కోసి చూశాను, తేనెపట్టే. రెండోదాన్ని పెద్దాయనకే ఇచ్చాను. కాలు తన్ని పెట్టి లాగారు, కదల్లేదు. ఏమీ అనలేదు, తిరిగి ఇచ్చేశారు. ఈసారి ఫోటో తియ్యలేదు.

నిన్న రాత్రి ఆఖరి లగ్గు నొక్కి తలెత్తి చూస్తే నొక్కేముందే కేబుల్ మీదికి ఎక్కించాల్సిన దాని హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే కుంచించుకుని అతుక్కునే ప్లాస్టిక్ గొట్టం) ఇంకా బల్ల మీదే ఉంది. మూడో వంతుకి కుంచించుకుపోయే రకం కావడంతో, లగ్గు నాలిక మీదుగా తిట్టుకుంటూ ఎక్కించాను.