చోడి బిస్కెట్ల ప్యాకెట్టు వెనుక ఏముంది?

విజయనగరంలో ఒక చిన్న సంఘం తయారుచేసిన చోడి (రాగి) బిస్కెట్ల ప్యాకెట్టు కొన్నాను. ముందువైపు నిండుగా చోడి కంకి బొమ్మ ఉంది. వెనుక చిన్న అక్షరాల్లో గోధుమపిండి, చక్కెర, వనస్పతి, ఆ తర్వాతే చోడిపిండి, చివరగా పాలపొడి అని ఇంగ్లీషులో రాశారు. మన దేశ ఆహార భద్రత సంస్థ (FSSAI) 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం పదార్థాలను బరువునుబట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి కాబట్టి, ఇవి పేరుకే చోడి బిస్కెట్లని ఆ వరుసే చెబుతోంది. బొమ్మ వేసి గొప్పగా చూపిన పదార్థం ఎంత శాతం ఉందో కూడా అవే నిబంధనల ప్రకారం చెప్పాలి. ఆ అంకె ఎక్కడా లేదు.

గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తి చోళ్లలో ఉండదు. అందుకే గోధుమ పడని పిల్లల తల్లులు ఇలాంటి ప్యాకెట్లనే వెతుక్కుంటారు. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు, పీతల వంటివి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగతోపాటు జీడిపప్పు వంటి గింజలు, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించిన సల్ఫైటు (నిల్వ కోసం కలిపే రసాయనం), అలర్జీ కలిగించే వీటిలో ఏది ఉన్నా 'ఇందులో ఫలానాది ఉంది' అని విడిగా ప్రకటించాలి. ఈ ప్యాకెట్టు మీద గోధుమ, పాల గురించి ఆ వాక్యం లేకపోవడమే నా అసలు అభ్యంతరం. పలాస జీడిపప్పుతో మిఠాయి చేసిన పళ్లెంలోనే బిస్కెట్లు కాల్చేవారైతే, జీడిపప్పు కలిసి ఉండవచ్చన్న హెచ్చరిక కూడా ఉండటం మంచిది.

నువ్వులు మాత్రం ఈ జాబితాలో లేవు. నాగుల చవితికి ఇంటింటా నువ్వులు, బెల్లంతో చిమ్మిలి దంచే మన ప్రాంతానికి ఇది చిన్న లోటు కాదు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులను కూడా తప్పనిసరిగా ప్రకటించాల్సిన పదార్థాల్లో చేర్చారు.

భాష విషయంలో నిబంధనే సగం దూరంలో ఆగిపోయింది. వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉంటే చాలు. తెలుగు అదనంగా వేసుకోవచ్చు, వేయకపోయినా తప్పు కాదు. పార్వతీపురం సంతలో ఆ ప్యాకెట్టు కొనే అవ్వకు రెండూ రాకపోవచ్చు. అందుకే కొత్త కవర్లు అచ్చుకు ఇచ్చేటప్పుడు 'ఇందులో గోధుమ, పాలు ఉన్నాయి' అని ఇంగ్లీషు వాక్యం కిందనే తెలుగులోనూ వేయించమనీ, చోడిపిండి శాతాన్ని కంకి బొమ్మ పక్కనే పెట్టమనీ ఆ సంఘంవారిని అడిగాను. మొదటిదానికి వెంటనే సరేనన్నారు. రెండోదానికి ఇంకా లెక్కలు వేసుకుంటున్నారు.