అక్క బి12

"కాలికి చెప్పుందో లేదో కూడా తెలియట్లేదే" అంది అక్క, పొద్దున మెట్లు దిగుతూ గోడ పట్టుకుని.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. విటమిన్ బి12 118. కనీసం 200 ఉండాలట.

గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసి, తిండిని పేగు మొదటి భాగం దాటించే సర్జరీ) అయ్యాక బరువు తగ్గింది, షుగర్ మాత్రలు ఆగాయి. ఇంకేం, బాగైపోయాను కదా అని విటమిన్ మాత్రలూ మానేసింది. లివర్‌లో దాచుకున్న బి12 కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. అందుకే లోటు ఇంత ఆలస్యంగా బయటపడుతుంది.

పాలు, గుడ్లు అన్నీ తింటోంది. కానీ బి12 ఒంటబట్టడానికి పొట్టలో ఊరే రసాలు కావాలి, బైపాస్ తర్వాత తిండి వాటితో సరిగా కలవదు. ఐరన్ ఎక్కువగా పీల్చుకునే చిన్నపేగు మొదటి భాగాన్నీ దాటేసి పోతుంది. మాత్రలు జీవితాంతం వేసుకోవాల్సిందే. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య కనీసం రెండు గంటలు తేడా ఉండాలి. ఐరన్ వేసుకున్నాక వెంటనే టీ తాగకూడదు.

డిశ్చార్జి రోజు ఇచ్చిన లావుపాటి ఫైల్లో ఇదంతా ఒక్క లైను. నాకు కోపం అక్కడే.

రేపటి నుంచి ఇంజెక్షన్లు. తిమ్మిర్లు పూర్తిగా పోవాలని మొక్కుకుంటున్నా.

మీ ఇంట్లో ఎవరైనా ఈ సర్జరీ చేయించుకుని ఉంటే, బాగానే ఉన్నా సరే, ఏటా రక్తపరీక్ష చేయించండి. వాంతులు ఆగకపోతే మాత్రం అస్సలు ఆలస్యం చేయొద్దు, బి1 వారాల్లోనే పడిపోతుంది.