తూము దగ్గర మొదలుపెట్టండి

కాకతీయ విశ్వవిద్యాలయంలో నీటి వనరుల మీద పీహెచ్‌డీకి దిగేవాళ్లలో చాలామంది చూపు చెరువు మీదే పడుతుంది. పాకాల, రామప్ప, లక్నవరం ఇంత దగ్గర్లో ఉండగా పడకపోతేనే వింత. చిక్కల్లా శాంపిల్ దగ్గరే, అంటే సర్వేలో ఎవరిని అడగాలో ఎంచుకోవడం దగ్గరే. ఓటర్ల జాబితా ముందేసుకుని పదో ఇంటికొకటి చొప్పున టిక్కు పెడితే, ఊరి మీద థీసిస్ వస్తుంది గానీ చెరువు మీద రాదు.

ముందు నీరటిని (పొలాలకు చెరువు నీళ్లు వదిలే మనిషిని) వెంటబెట్టుకుని తూము నుంచి చివరి మడి దాకా కాలువ గట్టున నడవండి. ఏ తూము కింద ఎవరికి ఎన్ని గుంటలో రాసుకుని, ఎగువ, నడుమ, దిగువ అని ఆయకట్టును మూడుగా విడదీసి, ఒక్కోదాంట్లో విడిగా చీటీలు తీయండి. పహాణీలో, అంటే భూమి రికార్డులో ఉన్నది పట్టాదారు పేరు; నాటు వేసేది కౌలుదారు కావచ్చు. ఇద్దరినీ అడగాలి. శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో సాగు చేసేవాళ్లు ఆయకట్టు లెక్కలోకే రారు. మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే కట్టడం) ఎత్తు పెంచితే మొదట మునిగేది వాళ్ల పంటే.

దిగుబడి బస్తాల్లో చెబితే ఏ బస్తా అని అడగండి. కొనుగోలు కేంద్రంలో 40 కిలోలు, కొందరు వ్యాపారుల దగ్గర 70. అరవై బస్తాలంటే 24 క్వింటాళ్లా, 42 క్వింటాళ్లా? ఇక్కడ పొరబడితే తర్వాత చేసే గణాంక విశ్లేషణ (రిగ్రెషన్) ఏదీ కాపాడదు.

చెరువు నిండితే బావులూ ఊరతాయి కాబట్టి, కాలువ నీళ్లు ఒక్కటే లెక్కిస్తే సగం లాభం జారిపోతుంది. వ్యవసాయానికి కరెంటు ఉచితం. బిల్లు చూసి నీటి విలువ కట్టలేం. 200 లీటర్ల డ్రమ్ము బావి మోటారు పైపు కింద పెట్టి సెల్‌ఫోన్‌లో టైము చూడండి. 40 సెకన్లలో నిండితే గంటకు 18,000 లీటర్లు. అంటే ఎకరం మీద అంగుళం నీళ్లు నిలవాలంటే దాదాపు ఆరు గంటలు మోటారు నడవాలి. యాసంగిలో మళ్లీ కొలవండి, ధార సన్నబడుతుంది.

నాట్ల కూలీ లెక్క ఇంటి యజమానిని అడిగితే ఉజ్జాయింపుగా చెబుతాడు. నాటు గుత్తకు పట్టే ఆడవాళ్లను అడిగితే ఎకరానికి ఎంతమంది, ఎంత రేటు, ఏ వారం పెరిగిందో కూడా చెబుతారు.

దిగువన చాలా ఇళ్లకు తాళాలుంటాయి. పక్కింటి పేరు రాసుకుని సరిపెట్టకండి. నీళ్లందక వలస వెళ్లినవాళ్లే లెక్కలోంచి తప్పిపోతారు. బతుకమ్మ, దసరాకు చాలామంది ఊరికొస్తారు, అప్పుడు మళ్లీ వెళ్లండి. పండుగ రోజు మాత్రం కాగితాలు బయటికి తీయొద్దు.