మొదటి రోజు పోస్టర్ వద్దు, ఐదో వారం లెక్క చెప్పండి

సినిమా రిలీజైన మర్నాడే ఇన్ని కోట్లు అని పోస్టర్ దిగుతుంది, అందులో గ్రాస్ (మొత్తం టికెట్ల డబ్బు) ఎంత, షేర్ (పన్ను, హాలు ఖర్చు పోగా బయ్యర్‌కి మిగిలేది) ఎంత అనేది మాత్రం ఎవరూ చెప్పరు. పైగా ఆ మొదటి రోజుల్లో ఉండేవి జీవో తెచ్చుకుని పెంచిన రేట్లు. అభిమాని ఎంతైనా పెట్టి కొంటాడు కాబట్టి ఆ అంకెతో హీరో మీద పిచ్చి ఎంతో తెలుస్తుంది తప్ప సినిమా సంగతి తెలియదు. నేనైతే రేట్లు మామూలుకి దిగాక, మా బెజవాడ గాంధీనగర్ హాళ్లలో సోమవారం మ్యాట్నీకి ఫ్యామిలీలు కదిలాయా లేదా అని చూస్తాను.

టైటానిక్ 1997లో అమెరికాలో మొదటి వారాంతం తెచ్చింది 3 కోట్ల డాలర్ల లోపే. ఆ తర్వాత వరుసగా 15 వారాలు నంబర్ వన్‌గా ఆడి 60 కోట్లు దాటింది. అవతార్ కూడా అంతే, 2009 డిసెంబర్‌లో 7.7 కోట్లతో మొదలై 75 కోట్ల దాకా వెళ్లింది. అవతార్ విషయంలో పెద్ద తెర చాలా సాయం చేసిందని నా నమ్మకం. ఐమాక్స్ (మామూలు కన్నా బాగా పెద్ద తెర) సీట్లు తక్కువ, దొరకనివాళ్లలో చాలామంది చిన్న తెర మీద చూసేసి ఊరుకోకుండా తర్వాతి వారానికి బుక్ చేసుకుంటారు, అందుకే డబ్బు నెమ్మదిగా, ఆలస్యంగా వస్తుంది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన సిన్నర్స్‌ని ఐమాక్స్ తెరల మీంచి తీసేశాక, అడిగేవాళ్లు ఎక్కువై మే నెలలో మళ్లీ వేశారు. ఓపెన్‌హైమర్ ఐమాక్స్ 70 ఎంఎం ఫిల్మ్ ప్రింట్ ప్రపంచం మొత్తం మీద ఆడింది 30 హాళ్లలో, మన దేశంలో ఒక్కటీ లేదు. (70 ఎంఎం మనకేం కొత్త కాదండోయ్, కృష్ణ గారు 1986లోనే సింహాసనం తీశారు. కాకపోతే ఐమాక్స్‌లో ఫిల్మ్ అడ్డంగా నడుస్తుంది, ఒక్కో ఫ్రేముకి ఫిల్మ్ అంచున 15 రంధ్రాలు, అదింకా పెద్దది.)

బెజవాడ వాళ్లం పెద్ద తెర కావాలంటే హైదరాబాద్ ప్రసాద్స్‌కో, చెన్నై లైన్లో సూళ్లూరుపేటలో ఉన్న 106 అడుగుల తెరకో పోవాలి. ప్రసాద్స్‌లో కూడా ఇప్పుడున్నది ఐమాక్స్ కాదు, పీసీఎక్స్ అని వాళ్ల సొంత పెద్ద తెర.

అసలు చిక్కు తెర సైజులో కన్నా లెక్కల్లో ఉంది. మన సింగిల్ స్క్రీన్లలో పెద్ద సినిమాకి జనం విరగబడే మొదటి వారం హాలు ఓనర్‌కి వచ్చేది అద్దె, కలెక్షన్ పడిపోయాక అందులో పర్సంటేజీ. 2025లో ఎగ్జిబిటర్లు, అంటే హాళ్ల వాళ్లు, గొడవ చేసింది దీని మీదే. అమెరికాలో చాలాకాలం దీనికి తిరగేసి నడిచింది, వారాలు గడిచేకొద్దీ హాలు వాటా పెరిగేది, కాబట్టి బాగా ఆడేదాన్ని ఉంచుకోవడమే వాళ్లకి లాభం. ఇక్కడ శుక్రవారం ఇంకో సినిమా అద్దెతో రెడీగా ఉంటే పాతదాన్ని ఎవరు పట్టించుకుంటారు? దానికి తోడు నాలుగు వారాలకే ఓటీటీ. కృష్ణా, గుంటూరు ఏరియాల హక్కులు కొన్న బయ్యర్లు మాత్రం బ్రేక్ ఈవెన్ (పెట్టిన డబ్బు వెనక్కి రావడం) కోసం లాంగ్ రన్ మీదే ఆశ పెట్టుకుంటారు, ఆ రన్ ఎక్కడినుంచి వస్తుందో నాకైతే అర్థం కాదు.